గడ్డ పేరు తేలాకే మందు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,



అల్వాల్‌లో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. అది పూర్తిస్థాయిలో నడిస్తే మేడ్చల్, శామీర్‌పేట, తూంకుంట జనానికే కాదు, గజ్వేల్, సిద్దిపేట, కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని వచ్చే రోగులకు కూడా పెద్ద దిక్కవుతుంది. గాంధీకో, పంజాగుట్ట నిమ్స్‌కో, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికో పరుగులు పెట్టే బాధ చాలామందికి తప్పుతుంది. ఈ ప్రాంతంలోనే ఉంటూ చాలా ఏళ్లుగా మైక్రోస్కోపు ముందు పనిచేస్తున్న పాథాలజిస్టుగా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆపరేషన్ థియేటర్ల గురించి, స్కానింగ్ యంత్రాల గురించి మిమ్మల్ని అడిగేవాళ్లు ఎందరో ఉంటారు. ముక్క పరీక్ష చేసే ల్యాబ్ గురించి అడిగేవాళ్లు తక్కువ. రోగికి మేము కనపడం. అతని ముక్క మా దగ్గరికి వస్తుంది, మా కాగితం అతని దగ్గరికి వెళ్తుంది. ఆ కాగితం మీద మేము రాసిన పేరును బట్టే కత్తి ఎంత లోతుకు పోవాలో, ఏ మందు ఎక్కించాలో తేలుతుంది.

నా విన్నపం మెత్తటి కణజాలంలో వచ్చే గడ్డల గురించి. కొవ్వు, కండ, నరాల పొర, రక్తనాళాల గోడ, కీళ్ల చుట్టూ ఉండే కణజాలం, వీటిలో పుట్టే గడ్డలను సాఫ్ట్ టిష్యూ ట్యూమర్లు అంటాం. వాటిలో క్యాన్సర్ రకాలు సార్కోమాలు. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇవి నూటికి ఒకటి మాత్రమే. కానీ రకాలు చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వేసిన వర్గీకరణ పుస్తకంలో వందకు పైగా ఉన్నాయి. హాని చేయని గడ్డలు వందొస్తే సార్కోమా ఒకటి వస్తుంది. అందుకే సాధారణ ల్యాబులో పనిచేసే పాథాలజిస్టు ఒక్కో రకాన్ని ఉద్యోగ జీవితమంతటిలో ఏ రెండు మూడు సార్లో చూస్తాడు. పైగా మైక్రోస్కోపు కింద వీటిలో చాలావి ఒకేలా ఉంటాయి: కండె ఆకారంలో సాగిన కణాలు, లేకపోతే గుండ్రటి చిన్న నీలి కణాలు. చూపుతో తేలని చోట మేము ఆధారపడేది ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ మీద. వాడుకలో ఐహెచ్‌సీ.

పద్ధతి చెప్తాను. ముక్కను ఫార్మలిన్‌లో నిలవబెట్టి, మైనంలో బ్లాకుగా పోసి, మూడు నాలుగు మైక్రాన్ల మందాన పొరలు కోసి గాజు స్లైడు మీదికి ఎక్కిస్తాం. ఆ పొర మీద ఒక యాంటీబాడీ వేస్తాం. అది వెతికే ప్రొటీన్ కణంలో ఉంటే అక్కడ గోధుమ రంగు తేలుతుంది. అలా వెతికే ప్రొటీన్‌నే మార్కర్ అంటాం. యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి కణజాలంలో వెతకడం 1941లో ఆల్బర్ట్ కూన్స్ మొదలుపెట్టారు. 1975లో కోలర్, మిల్‌స్టెయిన్ ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే దారి కనిపెట్టి 1984లో నోబెల్ అందుకున్నారు. క్యాన్సర్ వైద్యానికి ఇంత మేలు చేసిన పరీక్షలు చాలా కొద్ది. ఆ పరీక్షను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్క మార్కర్‌కు రంగు రాగానే గడ్డకు పేరు పెట్టేయడం, ఆ పేరు మీద వైద్యం మొదలుపెట్టేయడం ఆగాలన్నదే నా మాట.

శామీర్‌పేట వైపు నుంచి పాతికేళ్ల కుర్రాణ్ణి వాళ్ల నాన్న తీసుకొచ్చాడు. ముంజేతి మీద చర్మం కింద గడ్డ. మూడు వారాల్లోనే రెండు సెంటీమీటర్లు దాటింది. ఎక్కడో తీయించారు. ఒక ల్యాబు రిపోర్టులో 'ఎస్‌ఎంఏ పాజిటివ్, లియోమయోసార్కోమా' అని ఉంది. ముంజేతి కండ వెడల్పుగా తీసి, ఆపైన రేడియేషన్ పెట్టాలని చెప్పారట. వాడు చేతి పని మీద బతికేవాడు. కవర్లోంచి స్లైడు తీసి చూశాను. కణాలు వదులుగా, అల్లుకోకుండా పరుచుకుని ఉన్నాయి. మధ్యలో ఎర్ర రక్తకణాలు చిమ్మినట్టు పడి ఉన్నాయి. విభజన చెందుతున్న కణాలు చాలానే ఉన్నా వికృతంగా ఉన్నది ఒక్కటీ లేదు. వయసు, చోటు, గడ్డ పెరిగిన వేగం, ఇవన్నీ కలిపి చూస్తే అది నాడ్యులర్ ఫేషియైటిస్. 1955లోనే వైద్యులు దీన్ని సార్కోమాలా కనిపించే, సార్కోమా కానే కాని గడ్డగా వర్ణించారు. 2011లో దీని వెనక యూఎస్‌పీ6 అనే జన్యువు అతుకు మారడం ఉందని తేలింది. కొంత మిగిలిపోయినా సాధారణంగా తిరిగి రాదు, చాలాసార్లు తనంతట తానే తగ్గిపోతుంది.

మరి ఎస్‌ఎంఏ పాజిటివ్ ఎందుకు వచ్చింది? ఆ మార్కర్ నునుపు కండర కణాల్లోనే కాదు, గాయం మానేటప్పుడు పుట్టే మయోఫైబ్రోబ్లాస్టులన్నిటిలోనూ వస్తుంది. మానుతున్న గాయం ముక్క తెచ్చి వేసినా వస్తుంది. కండర క్యాన్సర్ అనాలంటే డెస్మిన్, హెచ్-కాల్డెస్మాన్ కూడా వేసి చూడాలి, అంతకన్నా ముందు కణం తీరు చూడాలి. ఆ రిపోర్టులో ఎస్‌ఎంఏ ఒక్కటే ఉంది. మిగతావి వేయించాం, రెండూ నెగటివ్. 'అయితే చేయికి ఏం కాదా డాక్టర్ గారూ?' అని ఆ తండ్రి రెండుసార్లు అడిగాడు. ఏం కాదయ్యా, మళ్లీ ఆపరేషన్ కూడా అక్కర్లేదు అని చెప్పి పంపాం.

ఇది లేని క్యాన్సర్‌ను ఉందన్న కథ. ఇంతకన్నా భయపెట్టేది, ఉన్న క్యాన్సర్‌కు వేరే పేరు పడటం. పిల్లల్లో గుండ్రటి నీలి కణాల గడ్డ వచ్చిందనుకోండి. సీడీ99 వేస్తే కణం చుట్టూ గట్టిగా రంగు వస్తుంది. ఎల్‌సీఏ అనే తెల్ల రక్తకణాల మార్కర్ నెగటివ్ కాబట్టి లింఫోమా కాదనుకుంటారు. ఎఫ్‌ఎల్‌ఐ1 కూడా పాజిటివ్. ఇంకేం, ఈవింగ్ సార్కోమా అని రాసేస్తారు. కానీ లింఫోబ్లాస్టిక్ లింఫోమా కూడా సరిగ్గా ఇలాగే కనిపించగలదు. సీడీ99 అందులో వస్తుంది, ఎఫ్‌ఎల్‌ఐ1 వస్తుంది, ఎల్‌సీఏ కొన్నిసార్లు రాదు. టీడీటీ అనే ఇంకొక్క మార్కర్ వేసి ఉంటే నిజం బయటపడేది. ఈ రెండు జబ్బుల వైద్యాలకు పొంతన లేదు. ఈవింగ్‌కు కీమోతో పాటు ఆపరేషనో రేడియేషనో ఉంటుంది. లింఫోబ్లాస్టిక్ లింఫోమాకు రక్త క్యాన్సర్ తరహాలో రెండేళ్లకు పైగా సాగే మందులు, వెన్నులోకి ఇచ్చే మెథోట్రెక్సేట్ ఉంటాయి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో తన బృందంతో తయారుచేయించిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. పిల్లల రక్త క్యాన్సర్ నయమవుతుందన్న ఆశ ఆ మందుల కుటుంబంతోనే మొదలైంది. అలాంటి మందు అందాల్సిన పిల్లకు, ఒక మార్కర్ వేయనందుకు ఇంకో జబ్బు మందులు ఎక్కితే ఆ లోటు ఎవరూ పూడ్చలేరు.

కెరాటిన్ సంగతి చూడండి. అది చర్మం, పేగు, రొమ్ము లాంటి చోట్ల పుట్టే కార్సినోమాల గుర్తు అని వైద్య విద్యార్థి మొదటి పాఠంలోనే చదువుకుంటాడు. సైనోవియల్ సార్కోమాలో, ఎపితీలియాయిడ్ సార్కోమాలో కూడా అది వస్తుంది. రక్తనాళాల్లో పుట్టే యాంజియోసార్కోమాలో కొన్నిటికి, ఈవింగ్‌లో కొన్నిటికి, ఆల్వియోలార్ రాబ్డోమయోసార్కోమాలో కొన్నిటికి వస్తుంది. కెరాటిన్ చూసి 'ఎక్కడి నుంచో పాకిన కార్సినోమా' అని రాశామంటే, ఆ మూలం ఎక్కడుందో వెతకమని రోగిని స్కానింగుల చుట్టూ తిప్పుతారు. దొరకదు, ఎందుకంటే లేదు. ఈలోగా తొడలో గడ్డ పెరుగుతూనే ఉంటుంది.

ఎస్100 నరాల పొరలో వస్తుంది, మెలనోమాలో వస్తుంది, కొవ్వులో, మృదులాస్థిలో కూడా వస్తుంది. సైనోవియల్ సార్కోమాల్లో దాదాపు మూడో వంతుకు వస్తుంది. తీరా నరాల పొరలోనే పుట్టిన క్యాన్సర్లలో సగానికి సరిగా రాదు, వచ్చినా అక్కడక్కడ చుక్కలుగా వస్తుంది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అందరూ ఒకే ఊరివాళ్లు కారన్నది మన పల్లెల్లో ఎవరినడిగినా చెప్తారు. మార్కర్ విషయంలోనూ అంతే, ఊరు, వయసు, తోబుట్టువులు అన్నీ కనుక్కోవాలి. క్లియర్ సెల్ సార్కోమా ఎస్100తో పాటు హెచ్‌ఎంబీ45కి కూడా రంగు తేలి అచ్చంగా మెలనోమాలా కూర్చుంటుంది. మడమ దగ్గర లోతున పుట్టి, చర్మంతో సంబంధం లేకుండా ఉంటే అనుమానించాలి. ఈడబ్ల్యూఎస్ఆర్1 జన్యువు తెగిందా లేదా చూస్తే గానీ తేలదు.

కొత్త మార్కర్లు వచ్చాయి కదా, ఈ చిక్కులు తీరాయి కదా అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. చాలా తీరాయి, అన్నీ తీరలేదు. 2013లో సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ జన్యు రహస్యం తెలిశాక స్టాట్6 మార్కర్ చేతికొచ్చింది. నిజంగా గొప్ప మార్కర్. కానీ స్టాట్6 జన్యువు ఉన్నది 12వ క్రోమోజోములో, ఎండీఎం2, సీడీకే4 జన్యువుల పొరుగున. కడుపు వెనక భాగంలో పెరిగే డీడిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమాలో ఆ ప్రాంతమంతా పదులకొద్దీ నకళ్లు పడుతుంది. దాంతో కొన్ని లైపోసార్కోమాల్లో స్టాట్6 కూడా వెలుగుతుంది. అది తెలియని వాడికి రిపోర్టు తేలిగ్గా రాసే కేసులా కనిపిస్తుంది. అలాగే సీడీ31కి రక్తనాళం మాత్రమే కాదు, చెత్త ఏరే మాక్రోఫేజులు కూడా రంగు చూపిస్తాయి. గడ్డ మధ్య ఇరుక్కుపోయిన రోగి సొంత కండ పోగులు డెస్మిన్‌కు రంగెక్కి, గడ్డే కండ క్యాన్సర్ అనిపిస్తాయి.

యాంటీబాడీ ఏ కంపెనీది, ఏ క్లోన్, ఎంత పలచన చేశారు అన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. 2000 తర్వాత తొలి ఏళ్లలో డెస్మాయిడ్ గడ్డలకు సీడీ117 అనే మార్కర్ వేస్తే ఒక సంస్థ యాంటీబాడీతో పాజిటివ్, ఇంకో సంస్థ యాంటీబాడీతో నెగటివ్ వచ్చాయి. గడ్డ అదే, ప్రశ్న అదే, జవాబులే రెండు. మన ల్యాబుల్లో వాడే యాంటీబాడీలు ఎక్కువగా దిగుమతి సరుకే. కొత్త సీసా విప్పిన ప్రతిసారీ తెలిసిన ముక్కల మీద సరిచూసుకున్నాకే రోగి స్లైడు మీద వేయాలి. ఇలా చూసుకోవడానికి సమయం, మనిషి, డబ్బు కావాలి.

ఇక ల్యాబుకు రాకముందు జరిగేది. దీని గురించి పెద్ద సభల్లో మాట్లాడరు గానీ సగం చిక్కు ఇక్కడే ఉంది. చిన్న నర్సింగ్ హోముల నుంచి వచ్చే గడ్డలు ఎలా వస్తాయో మీ అధికారులను ఒక్క రోజు ల్యాబు కౌంటరు దగ్గర నిలబడి చూడమనండి. పిడికిలంత గడ్డను ఇరుకు మూతి సీసాలో కుక్కి పంపుతారు. బయటకు తీయాలంటే సీసా పగలగొట్టాలి. కొన్ని ఫార్మలిన్ లేకుండా సెలైన్‌లో వస్తాయి. శనివారం సాయంత్రం తీసింది సోమవారం వస్తే, అప్పటికి లోపల కణాలు కుళ్లి ఉంటాయి. ముక్కకు పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి, అదీ పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. పెద్ద గడ్డయితే కోసి విప్పి పెట్టాలి, లేకపోతే ద్రవం నడిమికి చేరదు. కుళ్లిన చోట యాంటీబాడీ ఎక్కడ పడితే అక్కడ అంటుకుని లేని పాజిటివ్ చూపిస్తుంది. ఎక్కువ రోజులు నానిపోతే ఉన్న ప్రొటీన్ కూడా కనపడకుండా పోతుంది. ఎముక ముక్కను యాసిడ్‌లో మెత్తబరిస్తే కొన్ని మార్కర్లు, జన్యు పరీక్షలు మొత్తానికే పాడవుతాయి.

ఇలా పాడైన ముక్కను పట్టుకునే ఉపాయం ప్రతి స్లైడులోనూ ఉంది. గడ్డ పక్కనే రోగి సొంత రక్తనాళం ఉంటుంది. దాని గోడ ఎస్‌ఎంఏకి రంగెక్కి తీరాలి, లోపలి పొర సీడీ34కి ఎక్కి తీరాలి. పక్కనున్న నరం ఎస్100కి ఎక్కాలి. అవే ఎక్కనప్పుడు గడ్డ 'నెగటివ్' అని రాయడానికి వీల్లేదు, ఆ పరీక్ష చెల్లదు. ఈ సంగతి రిపోర్టులో ఒక్క వాక్యంలో రాయాలి. సరిచూసుకోవడానికి ఉన్న ఈ కణజాలాన్నే కంట్రోల్ అంటాం. ఎన్ని రిపోర్టుల్లో కంట్రోల్ ఎలా ఉందో రాస్తున్నారని అడిగి చూడండి.

సరిగ్గా చేసిన మార్కర్ ఎంత మేలు చేస్తుందో మన హైదరాబాద్‌కు బాగా తెలుసు. 1998 వరకు కడుపులో, పేగుల్లో వచ్చే జిస్ట్ గడ్డల్లో చాలావాటిని నునుపు కండర గడ్డలనే రాసేవాళ్లు. కీమోకు అవి లొంగేవి కావు. ఆ ఏడాది జపాన్‌లో హిరోటా బృందం వాటిలో కిట్ జన్యువు మారిందని చూపింది. సీడీ117 మార్కర్ వాటిని గుర్తుపట్టింది. ఇమాటినిబ్ మాత్ర వాటిని అదుపులోకి తెచ్చింది. 2003లో హైదరాబాద్ కంపెనీ నాట్కో వీనాట్ పేరుతో ఆ మందును చవకగా తేవడంతో పేదవాడికీ అందే దారి పడింది. సీడీ117, డాగ్1 మార్కర్లు కలిపి చూసి, చోటు చూసి, కణం చూసి చెప్పిన జిస్ట్ అంటే రోగికి ఏళ్ల ఆయుష్షు. అదే సీడీ117 మెలనోమాలోనూ వస్తుందన్నది మర్చిపోయి చెప్పిన జిస్ట్ అంటే ఏళ్ల తరబడి పనిచేయని మాత్ర మింగడం.

ఇది మన దగ్గరి వాళ్లకే వచ్చిన లోపమని కూడా నేను అనను. యూరప్‌లోని మూడు ప్రాంతాల్లో సార్కోమా కేసులను నిపుణులు తిరిగి చూసిన అధ్యయనం 2012లో వచ్చింది. మొదటి రిపోర్టుతో పూర్తిగా ఏకీభవించినవి నూటికి 56. పూర్తిగా వేరే నిర్ధారణ తేలినవి 8. మిగతావాటిలో గ్రేడో, రకమో మారింది. అన్ని వసతులూ ఉన్న చోటే ఇలా ఉంది. వాళ్లు దాన్ని దాచలేదు. సార్కోమా అయితే రెండో నిపుణుడు చూడాల్సిందేనన్న ఏర్పాటు వైపు నడిచారు.

మంత్రి గారూ, నగరంలో నిపుణులు లేరా అంటే ఉన్నారు. ఎం.ఎన్.జె.లో, నిమ్స్‌లో, బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ గడ్డలను రోజూ చూసే పాథాలజిస్టులున్నారు. అల్వాల్ నుంచి రాజీవ్ రహదారి మీదే పైకి పోతే తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ఉంది. ఇటు మేడ్చల్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే దేశంలో మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. ప్రొటీన్ల మీద, యాంటీబాడీల మీద పనిచేసే చదువుకు ఈ చుట్టుపక్కల కొదవ లేదు. కొదవ ఉన్నదల్లా ఇక్కడి రోగి ముక్క అక్కడి నిపుణుడి కంటికి చేరే దారికే. అది సర్కారు వేయాల్సిన దారి.

టిమ్స్‌లో పాథాలజీ విభాగానికి ఐహెచ్‌సీ యంత్రం కొనడంతో పని అయిపోయిందని అనుకోవద్దు. మెత్తటి కణజాలపు గడ్డకు కనీసం ఏయే మార్కర్లు కలిపి వేయాలో ముందే నిర్ణయించి, అవన్నీ ఎప్పుడూ అలమారాలో ఉండేలా నిధులివ్వండి. ఒక్కో మార్కర్‌కు రోగి చేతి నుంచి వెయ్యో పదిహేను వందలో అడిగే పరిస్థితి ఉన్నంతకాలం, 'ఒకటి చాల్లెండి డాక్టరు గారూ' అనే మాట వస్తూనే ఉంటుంది. ఆ ఒకటితోనే పేరు పెట్టే ఒత్తిడి మా మీద పడుతుంది. వైద్యానికి ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు, సంతోషం. ఆ పది లక్షలు సరైన జబ్బు మీద ఖర్చు కావాలంటే ముందు నిర్ధారణ ఖర్చును పూర్తిగా భరించాలి. ఫిష్ లాంటి జన్యు పరీక్ష అవసరమైన కేసులకు నిమ్స్‌తోనో, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీతోనో ఒప్పందం చేసుకోవచ్చు. ప్రైవేటు నర్సింగ్ హోములకు ఫార్మలిన్ సీసాలు, పంపే పద్ధతి రాసిన ఒక పేజీ ఆదేశం జిల్లా వైద్యాధికారుల ద్వారా పంపండి. ముక్కతో వచ్చే చీటీలో 'గడ్డ, బయాప్సీ' అన్న రెండు మాటలే కాక వయసు, చోటు, లోతు, పరిమాణం, ఎన్నాళ్లుగా ఉంది, స్కాన్‌లో ఏముంది అన్నవి రాయని పక్షంలో తిప్పి పంపే అధికారం ల్యాబుకు ఇవ్వండి.

ఈ ఉత్తరం చదివే పాఠకులకు కూడా ఒక మాట. ఐదు సెంటీమీటర్లు దాటిన గడ్డ, లోతున ఉన్న గడ్డ, వేగంగా పెరుగుతున్న గడ్డ ఏదైనా కొవ్వు గడ్డేలే అని దగ్గర్లో తీయించేసుకోకండి. ముందు స్కాన్, తర్వాత సూది బయాప్సీ, ఆ తర్వాతే ఆపరేషన్. తీసిన ముక్కను పారేయనివ్వకండి. మైనపు బ్లాకు, స్లైడ్లు అడిగి తీసుకోండి. రిపోర్టు మీద అనుమానం వస్తే వాటినే ఇంకో చోట చూపించుకోవచ్చు, మళ్లీ కోయించుకోనక్కర్లేదు.

మంత్రి గారూ, చివరిగా మిమ్మల్ని ఒక్క జీవో అడుగుతున్నాను. తెలంగాణలో సార్కోమా అని రాసిన ఏ రిపోర్టు మీదైనా కీమో, రేడియేషన్, అవయవం తొలగించడం మొదలుపెట్టే ముందు ఎం.ఎన్.జె., నిమ్స్ వంటి కేంద్రంలో ఇంకో పాథాలజిస్టు ఆ స్లైడ్లను చూసి సంతకం చేయాలి. ఆ సంతకం ఆరోగ్యశ్రీ అనుమతికి షరతు కావాలి, దానికయ్యే ఖర్చు రోగి మీద పడకూడదు, వారం రోజుల్లో జవాబు రావాలి. టిమ్స్ అల్వాల్ నుంచే ఇది మొదలుపెట్టండి.

భవదీయ,
అల్వాల్ నుంచి ఒక పాథాలజిస్టు